“పోతే అందరం కలిసే పోదాం” అంటున్నారు

ప్రశ్న: మావారికి 39 ఏళ్లు. బట్టల షాపు దెబ్బతిని అప్పుల్లో కూరుకుపోయాం. రెండు నెలలుగా ఆయనకు నిద్ర లేదు, సరిగ్గా తినరు. పిల్లలిద్దరంటే ప్రాణం. ఈమధ్య వాళ్లు నిద్రపోతుంటే చూస్తూ “నేను లేకపోతే వీళ్లు రోడ్డున పడతారు, పోతే అందరం కలిసే పోదాం” అంటున్నారు. బాధలో అన్న మాట, బయట చెప్పకు అంటారు అత్తయ్య. మా అన్నయ్య దగ్గర్లోనే ఉంటాడు, ఇంకా చెప్పలేదు. కన్నతండ్రి అంత పని చేస్తాడా?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. అత్తయ్యగారు కొడుకు మీద మమకారంతోనే అన్నారు, కానీ ఈ ఒక్క విషయంలో ఆవిడ మాట వినకండి.

ఇలాంటి ఘోరం జరిగాక ఇరుగుపొరుగువాళ్లు “పిల్లలంటే ప్రాణం పెట్టేవాడండీ” అనడం మీరూ విని ఉంటారు. వాళ్లు చెప్పేది చాలాసార్లు నిజమే. పిల్లలను చంపిన తల్లిదండ్రుల కేసులను అమెరికా సైకియాట్రిస్ట్ ఫిలిప్ రెస్నిక్ 1969లో పరిశీలించారు. భార్య మీదో భర్త మీదో కసి, లేని గొంతులు వినిపించే జబ్బు, దెబ్బలు శ్రుతిమించడం, ఈ బిడ్డ వద్దనుకోవడం కూడా కారణాల్లో ఉన్నాయి. అయితే అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది “పిల్లలను కష్టాల నుంచి తప్పిస్తున్నాను” అన్న ఆలోచనే. మీవారి మాటలో నాకు వినిపిస్తున్నదీ అదే.

తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న మనిషికి రేపన్నది కనబడదు. దానికి తోడు, ఇల్లు నడపలేని మగాడికి విలువ లేదని, అప్పు సంగతి నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని చిన్నప్పటి నుంచి నూరిపోస్తాం. తాను లేకపోయినా పిల్లలు అమ్మ దగ్గర, మేనమామ అండతో పెరగగలరన్నది అప్పుడాయనకు తట్టదు. ఆ పరువు భయం గురించి తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఆయన్ను నేరుగా అడగండి: “చనిపోవాలని, పిల్లలను ఏమైనా చేయాలని అనిపిస్తోందా?” అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునన్నా, మాట దాటేసినా ఆ రోజే పిల్లలను అన్నయ్య ఇంటికి పంపండి. ఆయన్నీ ఒంటరిగా వదలకండి. ప్రమాదం ముంచుకొచ్చిందనిపిస్తే అత్యవసర సాయం నంబర్ 112కు ఫోన్ చేయండి. ఏం చెప్పినా సరే, డాక్టర్ చూసేదాకా పిల్లలను ఆయనతో ఒంటరిగా ఉంచొద్దు. పురుగుమందుల్లాంటివి ఇంట్లో ఉంచకండి.

రేపే సైకియాట్రిస్ట్ దగ్గరకు తీసుకెళ్లండి, గుంటూరు పెద్దాసుపత్రిలోనూ ఉంటారు. చాలామంది అక్కడికెళ్లి “నిద్ర పట్టడం లేదు” అని మాత్రమే చెప్పి మాత్రలు తెచ్చుకుంటారు. పిల్లల గురించి అన్న మాటను మీరే డాక్టర్‌కు చెప్పాలి. ఈలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

అప్పుల సంగతి ఆయన కాస్త తేరుకున్నాక అన్నయ్యతో కూర్చుని చూసుకోవచ్చు. ముందు ఇప్పుడే అన్నయ్యకు ఫోన్ చేసి, ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పండి. ఈ రాత్రికి మీ ఇంటికి రమ్మనండి.