అంపైరింగ్ మొదలుపెడుతున్న మేనల్లుడికి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

ఆదివారం విజయవాడ మున్సిపల్ స్టేడియంలో అంపైరుగా నిలబడుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసిందిరా. క్రికెట్ నిబంధనల పుస్తకంలో ఒకచోట చెప్పినదాన్ని ఇంకోచోట కొట్టేసినట్టుందని బెంగపడుతున్నావట. బెంగ వద్దు. ఆ రాత ఎవరినైనా తికమక పెడుతుంది.

31వ నిబంధన చూడు. అప్పీల్ లేనిదే ఔట్ ఇవ్వకూడదంటుంది. ఆ వెంటనే, అప్పీల్ లేకపోయినా ఔటైన బ్యాటర్ తనంతట తాను వెళ్లిపోవచ్చంటుంది. మొదటి మాట నీకు, రెండోది బ్యాటర్‌కు. ఎవరికి చెబుతోందో పట్టుకుంటే సగం చిక్కు వీడిపోతుంది.

మిగతా సగం, ఏ క్షణం గురించి అన్నది. 2019 ప్రపంచకప్ ఫైనల్లో న్యూజిలాండ్ ఫీల్డర్ గప్టిల్ విసిరిన బంతి ఇంగ్లండ్ బ్యాటర్ స్టోక్స్ బ్యాటుకు తగిలి బౌండరీకి పోయింది, పరిగెత్తిన రెండూ బౌండరీ నాలుగూ కలిపి ఆరు పరుగులిచ్చారు. 19.8 ప్రకారం బంతి విసిరిన క్షణానికి, లేదా ఆ 'చర్య' జరిగిన క్షణానికి బ్యాటర్లు ఒకరినొకరు దాటి ఉంటేనే నడుస్తున్న పరుగు కలుస్తుంది. విసిరే సమయానికి వాళ్లు రెండో పరుగులో ఇంకా దాటుకోలేదు. ఆ చర్య ఎవరిదని, ఫీల్డర్ విసరడమా బ్యాటుకు తగలడమా అని, చాలా వాదన జరిగింది. నాకైతే అనుమానం లేదు. అదే వాక్యం మొదట్లో 'ఫీల్డర్ కావాలని చేసిన చర్య' అని ఉంది. అందుకే ఐదే ఇవ్వాల్సింది, మాజీ అంపైర్ సైమన్ టాఫెల్ కూడా అదే అన్నాడు. వాక్యం చివర సందేహం వస్తే మళ్లీ మొదటికి వెళ్లి చదువు. అక్కడా తేలకపోతే వెనక అనుబంధంలో నిర్వచనాలున్నాయి.

బౌలర్ బంతి వెయ్యకముందే చేసే నాన్ స్ట్రయికర్ రనౌట్ మాత్రం బాగా చూసుకో. నీ పుస్తకంలో అది 41వ నిబంధనలో ఉంటే పాతదని అర్థం, 2022 అక్టోబరులో 38లోకి మార్చారు. 2023 జనవరిలో మెల్‌బోర్న్‌లో బౌలర్ జంపా అలా బెయిల్స్ పడగొడితే నాటౌట్ ఇచ్చారు, అతని చెయ్యి అప్పటికే నిలువు దాటిపోయింది. ఆ నెలలోనే, ఈ నిబంధనలు రాసే ఎంసీసీ క్లబ్బు 38.3 మాటలు సరిచేసింది. బౌలర్ చెయ్యి పూర్తిగా పైకి చేరాక, నాన్ స్ట్రయికర్ ముందే క్రీజు వదిలినా సరే, ఆ అవకాశం పోయినట్టే. మన కుర్రాళ్లలో చాలామందికి ఇది తెలియదు, గొడవ చేస్తారు.

కాబట్టి టాస్‌కు ముందే ఇద్దరు కెప్టెన్లనూ, తోటి అంపైరునూ కూర్చోబెట్టి ఇది చదివి వినిపించు. బౌండరీ ఎక్కడో కూడా అప్పుడే తేల్చుకో. ఆట మొదలయ్యాక పుస్తకం బయటికి తీయకు. సందేహమొస్తే తోటి అంపైరు దగ్గరికి నడిచి వెళ్లి మాట్లాడు, కెప్టెన్లతో కాదు.

మీ మామయ్య