కాకినాడ వెళ్లండి, ఫ్లాట్ మాత్రం అమ్మకండి

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకు చేతికి 1.32 లక్షలు వస్తాయి. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 30 వేలు. పాప ఏడో తరగతి. 2018లో మియాపూర్‌లో 56 లక్షలకు ఫ్లాట్ కొన్నాం. ఇప్పుడు 85 లక్షలు పలుకుతుందంటున్నారు. అప్పు ఇంకా 33 లక్షలు ఉంది, ఈఎంఐ 36,500. నెలకు రెండుసార్లు ఆఫీసుకు వస్తే చాలు, మిగతా రోజులు ఎక్కడినుంచైనా పనిచేసుకోవచ్చని మేనేజరు అన్నారు. అమ్మానాన్న కాకినాడలో ఉంటారు. నాన్నకు నిరుడు స్టెంట్ వేశారు. ఫ్లాట్ అద్దెకిచ్చి అక్కడ అద్దెకున్నా నెలకు అదనంగా 34 వేలు మిగులుతాయని లెక్కేశాను. అమ్మేస్తే అప్పు పోగా 52 లక్షలు వస్తాయి, వాటితో కాకినాడలోనే ఇల్లు కొనుక్కోవచ్చు. వెళ్లిపోమంటారా?

జవాబు: మీరు ఉత్తరంలో పంపిన పూర్తి లెక్క (పైన ఇచ్చింది సారాంశమే) శ్రద్ధగానే వేశారు. అయితే వెళ్లాలని ముందే మనసులో అనుకుని, ఆ తర్వాత వేసిన లెక్కలా ఉంది. అది తప్పు కాదు. నాన్నగారి ఆరోగ్యం బాగాలేనప్పుడు ఎవరైనా అలాగే వేస్తారు. కాకపోతే మీరు వెళ్లేది అమ్మానాన్న కోసం. దానికి డబ్బు మిగులుతుందన్న సాకు అక్కర్లేదు, ఎందుకంటే నిజానికి పెద్దగా మిగలదు.

ఆ 34 వేల సంగతే చూద్దాం. సరుకుల్లో 3 వేలు తగ్గుతాయని రాశారు. నూనె ప్యాకెట్, సబ్బు, పప్పు భానుగుడి సెంటర్‌లోనూ దాదాపు అదే ధర. తగ్గేది కూరగాయలు, చేపల దగ్గర, వెయ్యి రూపాయలు వేసుకోండి. హోటళ్లు, మాల్స్ ఖర్చు 8 వేలు పూర్తిగా ఆగిపోతుందని వేశారు. మాల్‌కు వెళ్లరేమో గానీ, కాకినాడలో ఉండి సుబ్బయ్య హోటల్ భోజనానికి, కాజాలకు ఖర్చు పెట్టకుండా ఉంటారంటే నేను నమ్మను. అందులో సగమే తగ్గుతుంది. ఫ్లాట్ అద్దె 22 వేలు పన్నెండు నెలలూ వస్తుందనుకున్నారు. ఒక నెల ఖాళీ, రంగులు, చిన్న రిపేర్లు తీసేస్తే సగటున 19 వేలు. మీరు అసలు వేయనిది ఆఫీసు ప్రయాణం. గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి దాకా వస్తుంది కాబట్టి మీకు సులువే. అయినా నెలకు రెండుసార్లు రానూపోనూ టికెట్లు, క్యాబ్‌లు, బస కలిపి 6 వేలు అవుతాయి.

వీటన్నిటికంటే పెద్దది మీ శ్రీమతి జీతం. అక్కడా 30 వేలే వస్తుందని రాసేశారు. అంతటి అనుభవానికి కాకినాడ ప్రైవేటు స్కూల్లో 17 వేలకు మించి ఇస్తే అదృష్టమే అనుకోండి. ఇంకో మాట. రెండు పేజీల ఉత్తరంలో మీ అభిప్రాయం, మీ నాన్నగారి అభిప్రాయం, ఆఖరికి మీ మేనేజరు అభిప్రాయం కూడా ఉన్నాయి. ఆవిడ ఏమంటున్నారో ఒక్క వాక్యం లేదు.

మొత్తం కలిపితే సరుకుల్లో 2 వేలు, హోటళ్లలో 4 వేలు, ఫ్లాట్ అద్దెలో 3 వేలు, ప్రయాణాలకు 6 వేలు, జీతంలో 13 వేలు. మీ 34 వేల నుంచి ఈ 28 వేలు తీసేస్తే మిగిలేది 6 వేలు. నాన్నగారికి బాగాలేదని ఫోన్ రాగానే రాత్రికి రాత్రి పరుగెత్తే టెన్షన్ తప్పడమే అసలు లాభం. దానికి నేను ధర కట్టలేను. మీరు కట్టుకోండి.

ఇప్పుడు ఫ్లాట్ సంగతి. అమ్మకండి, కనీసం ఇప్పుడే వద్దు.

పన్ను భయంతో చెప్పడం లేదు. 29 లక్షల లాభం మీద 12.5 శాతం చొప్పున సుమారు 3.6 లక్షలు పడుతుంది. మీరు 2024 జులై 23కు ముందే కొన్నారు కాబట్టి, కొన్న ధరను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి చూపి, మిగిలిన లాభం మీద 20 శాతం కట్టే దారి కూడా ఉంది. 2025-26 ద్రవ్యోల్బణ సూచీతో వేస్తే అది 2 లక్షల లోపే. రెండేళ్లలో ఆ లాభంతో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా అదీ మినహాయింపే. కాబట్టి పన్ను సమస్య కాదు. మీ 52 లక్షలతో కాకినాడలో ఇల్లు కొంటే, ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం పోతుంది. అమ్మేటప్పుడు ఒక కమీషన్, కొనేటప్పుడు మరొకటి. దాదాపు 5 లక్షలు దారిలోనే ఖర్చయిపోతాయి. రెండేళ్ల తర్వాత వెనక్కి రావాల్సి వస్తే ఇదే ఖర్చు మళ్లీ పెట్టాలి, అదీ అప్పటి మియాపూర్ ధరల్లో. నా దగ్గరికి వచ్చే ఒక జంట అచ్చం ఇలాగే రాజమండ్రి వెళ్లి తిరిగొచ్చారు. ఇప్పుడు తాము అమ్మిన అపార్ట్‌మెంట్‌లోనే, రెండంతస్తుల కింద అద్దెకుంటున్నారు.

అద్దెకిస్తే పన్ను లెక్క కూడా మీకు అనుకూలమే. కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు. అద్దెకిచ్చిన ఇంటికైతే అద్దెలోంచి 30 శాతం తీసేశాక, వడ్డీని కూడా మినహాయించుకోవచ్చు. మీ వడ్డీ ఏడాదికి 2.8 లక్షల దాకా ఉంటుంది కాబట్టి ఆ అద్దె మీద పన్ను పడదు. మిగిలిన వడ్డీని మాత్రం జీతంలోంచి తగ్గించుకోనివ్వరు.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. మేనేజరు అన్నారు అని రాశారు. మేనేజర్లు మారతారు, కంపెనీల పాలసీలూ మారతాయి. హెచ్ఆర్ నుంచి మెయిల్‌లో రాయించుకోండి. ఊరు మారితే జీతం తగ్గిస్తారా అన్నది కూడా అడగండి, కొన్ని కంపెనీలు తగ్గిస్తాయి. అన్నీ కుదిరినా, ఈ ఉద్యోగం పోతే మరొకటి కాకినాడలో దొరకదు. పింఛనర్ల స్వర్గం అని పేరున్న ఊరది. పింఛను వచ్చేవాళ్లకు ఆ పేరు సరిపోతుంది, మీకు ఇంకా ఇరవై ఏళ్ల సర్వీసుంది. హైదరాబాద్‌లో ఉన్నవారికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోమంటాను. మీరు తొమ్మిది నెలలది ఉంచుకోండి. ఈఎంఐ, అద్దె, ఇంటి ఖర్చు కలిపి నెలకు 90 వేలు వేసుకున్నా 8 లక్షలు కావాలి. మీ ఎఫ్‌డీలో ఉన్నది 4.5 లక్షలు. నెలకు 35 వేలు పక్కన పెడుతున్నామని రాశారు కదా, వచ్చే మే దాకా పది నెలలు అది ఇందులోకే మళ్లించండి, సరిపోతుంది. ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోతుంది. ముగ్గురికీ సొంత పాలసీ లేకపోతే వెళ్లేలోపే తీసుకోండి.

ఇక పాప చదువు. ఊరు మారే చాలామంది దీన్ని ఇంటర్ అయ్యాకగానీ పట్టించుకోరు. ఇంజినీరింగ్ కన్వీనర్ కోటాలో 85 శాతం సీట్లు స్థానికులవే. స్థానికత ప్రధానంగా ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ నాలుగేళ్లు కాకినాడలో చదివితే పాప ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతానికి స్థానికురాలు, ఉస్మానియా, జేఎన్‌టీయూహెచ్ కాలేజీలకు కాదు. మధ్యలో అటూ ఇటూ మారిస్తే లెక్క చిక్కుపడుతుంది. ఏది మంచిదో మీ ఇష్టం, నిర్ణయం మాత్రం తొమ్మిదిలో చేరకముందే జరగాలి.

మీ అదృష్టం, కాలం కలిసొచ్చింది. వచ్చే జూన్‌లో పాప ఎనిమిదికి వస్తుంది. ఆ ఒక్క ఏడాదికీ వెళ్లండి. అమ్మానాన్నకు దగ్గర్లో, రామారావుపేట వైపో సర్పవరం వైపో అద్దెకు తీసుకోండి. మియాపూర్ ఫ్లాట్‌ను పదకొండు నెలల అగ్రిమెంటుతో ఇవ్వండి. పన్నెండు నెలలు దాటితేనే కారు రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్‌కు మార్చుకుని అక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాల్సి వస్తుంది కాబట్టి, ఆ తలనొప్పి కూడా ఈ ఏడాదికి ఉండదు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేనాటికి ఉద్యోగం ఎలా సాగుతోందో, మీ శ్రీమతికి అక్కడ స్కూలు నచ్చిందో లేదో, పాపకు స్నేహితులు దొరికారో లేదో తెలిసిపోతుంది. ఉండిపోదామనుకుంటే అప్పుడు ఫ్లాట్ అమ్మే మాట ఎత్తండి. నేనే లెక్క వేసి ఇస్తాను.

ఈ వారం చేయాల్సినవి రెండే. హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి. ఈ జవాబు మీ ఆవిడకు చూపించండి. ఆవిడ కాదంటే ఆ మెయిల్ ఎలాగూ అక్కర్లేదు కాబట్టి, రెండోది ముందు చేయండి.