ఏజెన్సీలో అరెస్టయిన మనిషి వివరాలు ఎక్కడ దొరుకుతాయి? నేను తిరిగి తెలుసుకున్నది

మీ మరిది పని మీద ఏజెన్సీ (గిరిజన మన్యం) వైపు వెళ్లాడు, వారం నుంచి ఫోన్ కలవడం లేదు, ఎవరో పోలీసులు తీసుకెళ్లారని చెప్పారు, కోర్టు కేసులు చూపించే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఏమీ రావడం లేదు, అంటే కేసు లేనట్టేనా అని అడిగారు కదండీ. లేనట్టు కాదు. సైట్‌లో కనిపించకపోవడానికి పది కారణాలు ఉంటాయి, వాటిలో సగం నేను మా బాబాయి కొడుకు విషయంలో స్వయంగా చూశాను. పేరుతో వెతకడం ఆపి ముందు స్టేషన్ ఏదో, క్రైం నెంబరు (స్టేషన్లో ఎఫ్ఐఆర్‌కు వేసే నెంబరు) ఎంతో కనుక్కోండి. ఆ రెండూ చేతిలో ఉంటే మిగతావన్నీ ఒకదాని వెంట ఒకటి దొరుకుతాయి. అవి లేకుండా రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చున్నా టెన్షన్ తప్ప ఏమీ రాదు, మేము మూడు రాత్రులు అలాగే కూర్చున్నాం.

మా తమ్ముడు వ్యాన్ డ్రైవర్. చెక్‌పోస్టు దగ్గర బండి ఆపారని, మనిషిని పోలీసులు పట్టుకెళ్లారని కబురు వచ్చింది. బాబాయి, నేను బయల్దేరి రెండు పోలీస్ స్టేషన్లకు వెళ్లాం, రెండు చోట్లా మా దగ్గర అలాంటి పేరు లేదన్నారు. పిన్ని ఏడుపు ఆపడం లేదు. మర్నాడు మధ్యాహ్నం ఒక టీ కొట్టు ఆయన, బండిలో ఏం దొరికిందయ్యా అని అడిగి, సారా అయితే ఎక్సైజ్ వాళ్లని అడగండి, పోలీసుల్ని కాదు అన్నాడు. నిజమే. మావాడు ఎక్సైజ్ స్టేషన్ వాళ్ల కేసులో ఉన్నాడు, అప్పటికే రిమాండ్ కూడా అయిపోయింది. పోలీసులు అబద్ధం చెప్పలేదు, వాళ్ల రిజిస్టర్లో నిజంగానే పేరు లేదు. అందుకే మీరు ముందు తేల్చుకోవాల్సింది పట్టుకున్నది ఎవరు అన్నది. ఖాకీ బట్టలు చూసి జనం అందరినీ పోలీసులే అంటారు. కలప, అడవి జంతువు లాంటిదైతే ఫారెస్ట్ వాళ్లు కావచ్చు, వాళ్లు ఎఫ్ఐఆర్ లాగే పీఓఆర్ (ప్రాథమిక నేర నివేదిక) అని వేరే కాగితం రాస్తారు, రేంజ్ ఆఫీసులో అడగాలి. గంజాయి పెద్ద మొత్తంలో ఉన్న కేసయితే పట్టుకున్నది ఎవరైనా విచారణ ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) ప్రత్యేక కోర్టుకు పోతుంది, దగ్గరలో ఉన్న చిన్న కోర్టులో వెతికితే దొరకదు.

ఇక అడిగే పద్ధతి. మావాడి కేసు, అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ ఉన్నప్పటిది, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో బీఎన్ఎస్ఎస్ అనే కొత్త చట్టం వచ్చింది కాబట్టి ఇప్పటి సెక్షన్లే చెబుతాను. సెక్షన్ 37 ప్రకారం ప్రతి పోలీస్ స్టేషన్లోనూ, జిల్లా స్థాయిలోనూ, అరెస్టయిన వాళ్ల పేరు, చిరునామా, ఏ నేరం కింద పట్టుకున్నారు అనే సమాచారం చూసుకునే బాధ్యత ఒక అధికారికి ఇవ్వాలి, ఆయన ఏఎస్సై కంటే తక్కువ హోదా వాడు కాకూడదు, ఆ వివరాలు స్టేషన్లోనూ జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనిపించేలా పెట్టాలి. సెక్షన్ 48 ప్రకారం అరెస్టు చేసిన సంగతి, ఎక్కడ ఉంచారన్నది బంధువుకో స్నేహితుడికో చెప్పాలి, జిల్లాలోని ఆ అధికారికీ తెలపాలి. అంటే మీరు అక్కడికి చేరే లోపే జిల్లా కేంద్రంలోని పోలీసు కంట్రోల్ రూముకు ఫోన్ చేసి, ఫలానా వ్యక్తి ఈ వారంలో అరెస్టయ్యాడా, ఏ స్టేషన్ అని అడగవచ్చు. బతిమాలుతున్నట్టు కాదు, మామూలుగా అడగండి. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి, కంగారులో అన్నీ మర్చిపోతాం.

స్టేషన్ తెలిశాక ఎఫ్ఐఆర్. 2016 సెప్టెంబరులో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది మీకు బాగా పనికొస్తుంది. ఎఫ్ఐఆర్‌ను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలి, మారుమూల ప్రాంతం కావడం వల్ల నెట్ కనెక్షన్ ఇబ్బంది ఉంటే గరిష్ఠంగా 72 గంటల వరకు ఆగవచ్చు. లైంగిక నేరాలు, పోక్సో, తీవ్రవాదం లాంటి సున్నితమైన కేసులు పెట్టరు, ఆ నిర్ణయం డీఎస్పీ స్థాయి కంటే కింది వాళ్లు తీసుకోకూడదు. కాబట్టి ముందు రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్‌లో ఎఫ్ఐఆర్ విభాగం తెరిచి, జిల్లా, స్టేషన్, తేదీలు పెట్టి చూడండి. అక్కడ లేకపోతే అదే తీర్పులో ఇంకో దారి ఉంది. నిందితుడి తరఫున ఎవరైనా స్టేషన్‌కో ఎస్పీ ఆఫీసుకో కాపీ కోసం అర్జీ పెడితే 24 గంటల్లో ఇవ్వాలి, ఎఫ్ఐఆర్ మేజిస్ట్రేట్ కోర్టుకు చేరాక అక్కడ అడిగితే రెండు పనిదినాల్లో ఇవ్వాలి. మాకు స్టేషన్లో రేపు రా, ఎల్లుండి రా అన్నారు, కోర్టులో మాత్రం రెండో రోజుకే చేతికొచ్చింది. నా సలహా, స్టేషన్ దగ్గర ఒక రోజుకు మించి నిలబడకండి, కోర్టుకు వెళ్లిపోండి.

అరెస్టు చేసిన మనిషిని ప్రయాణానికి పట్టే సమయం కాకుండా 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఏజెన్సీలో ఆ ప్రయాణమే చాలాసేపు పడుతుంది కాబట్టి గంటలు లెక్కపెట్టేటప్పుడు అది గుర్తుంచుకోండి. ఇంకొకటి, అక్కడి కోర్టులో జడ్జి పోస్టు ఖాళీగా ఉన్నా, జడ్జి సెలవులో ఉన్నా వేరే ఊళ్లోని ఇన్‌ఛార్జి మేజిస్ట్రేట్ ముందు పెడతారు. మావాడిది అలాగే జరిగింది, మేము ఒక కోర్టు దగ్గర ఎదురుచూస్తుంటే మనిషి 40 కిలోమీటర్ల అవతల సబ్ జైలుకు చేరిపోయాడు. కోర్టులో బెంచ్ క్లర్కును ఈ క్రైం నెంబరులో రిమాండ్ ఎవరు చేశారు, ఏ జైలు అని అడగండి, ఒక్క నిమిషంలో చెబుతారు. ఏ జైలో తెలిస్తే అక్కడికి వెళ్లి ములాఖత్ అడగండి. మనిషిని కళ్లతో చూశాక ఇంట్లో వాళ్లకు ప్రాణం కుదుటపడుతుంది, కాగితాల సంగతి ఆ తర్వాత.

ఇప్పుడు ఈ-కోర్ట్స్ ఎందుకు ఖాళీగా కనిపిస్తోందో చెబుతాను. ఛార్జిషీటు వేసి కోర్టు దాన్ని తీసుకునే వరకు కేసుకు కోర్టు నెంబరు ఉండదు, అప్పటిదాకా అది క్రైం నెంబరే. ఆ దశలో బెయిల్ పిటిషన్ లాంటిది వేస్తే అది కనిపించవచ్చు కానీ అసలు కేసు కనిపించదు. తర్వాత సీసీ (క్యాలెండర్ కేసు) నెంబరు వస్తుంది. పెద్ద నేరమై సెషన్స్ కోర్టు విచారించాల్సిందైతే సీసీకి బదులు ముందు పీఆర్‌సీ నెంబరు, జిల్లా కోర్టుకు వెళ్లాక ఎస్సీ (సెషన్స్ కేసు) నెంబరు. అలా క్రైం నెంబరుతో కలిపి ఒకే కేసుకు మూడు నెంబర్లు, చాలామంది ఇక్కడే తప్పిపోతారు. సీఎన్ఆర్ అని 16 అంకెలూ అక్షరాలూ కలిసిన నెంబరు ఒకటి ఉంటుంది, అది దొరికితే రాసి దాచుకోండి, జిల్లా, కోర్టు ఎంచుకునే పని లేకుండా నేరుగా ఆ కేసు తెరుచుకుంటుంది.

జిల్లా పేరు కూడా మోసం చేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి, కోర్టులు మాత్రం పాత ఉమ్మడి జిల్లాల లెక్కలోనే నడుస్తూ వచ్చాయి. అల్లూరి సీతారామరాజు లాంటి కొత్త జిల్లాల పేర్లతో వెతికితే దొరకదు, పాడేరు వైపు కేసులకు విశాఖపట్నం, రంపచోడవరం వైపు అయితే తూర్పు గోదావరి తెరవాలి. తెలంగాణలో అలా కాదు, 2022 జూన్‌లో అక్కడ 33 జిల్లాలకూ విడిగా జిల్లా కోర్టులు వచ్చాయి.

పేరుతోనే వెతకక తప్పకపోతే ఇంగ్లీషు స్పెల్లింగు నాలుగైదు రకాలుగా మార్చి చూడండి. మావాడి ఇంటిపేరు కేసులో ఒక అక్షరం మారిపోయి ఉంది, పేరు చివర ‘రావు’ ఎగిరిపోయింది. అందుకని పేరులో మధ్య ముక్క ఒకటి మాత్రమే కొట్టి, సంవత్సరం పెట్టి, పెండింగ్ (నడుస్తున్నవి), డిస్పోజ్డ్ (ముగిసినవి) రెండూ కలిపి చూడండి. వీలైతే ఎఫ్ఐఆర్ నెంబరుతో వెతికే ఆప్షన్ వాడండి, స్టేషన్, నెంబరు, సంవత్సరం చాలు, స్పెల్లింగు గొడవ ఉండదు. అదే పేరు, అదే తండ్రి పేరు ఉన్న ఇంకో మనిషి కేసు కనిపిస్తే దయచేసి వెంటనే నమ్మేయకండి, ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. ఊరు, వయసు సరిపోయాకే నమ్మాలి. అరెస్టు అంటే నేరం రుజువైనట్టు కాదు. మావాడి కేసు చివరికి కొట్టేశారు, కానీ ఊళ్లో నలుగురి నోట ఆ మాట పోవడానికి ఏళ్లు పట్టింది.

కొన్ని అసలు ఈ సైట్‌లోకి రావు. బైండోవర్ (మళ్లీ గొడవకు పోనని పూచీకత్తు రాయించుకోవడం) చేశారంటే అది తహసీల్దారు ముందు జరుగుతుంది, కాగితాలు తహసీల్దారు ఆఫీసులో ఉంటాయి. గిరిజన భూముల బదలాయింపు కేసు, మనవాళ్లు 1/70 కేసు అంటారు, అది స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర నడుస్తుంది. ఛార్జిషీటు కూడా ఆన్‌లైన్‌లో దొరకదు, దాన్ని అందరికీ వెబ్‌సైట్‌లో పెట్టనక్కర్లేదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. నిందితుడికి మాత్రం కోర్టు ఉచితంగా కాపీ ఇవ్వాలి, కాబట్టి అది మీ మరిది ద్వారానో ఆయన లాయరు ద్వారానో తీసుకోండి. డబ్బు కడితే మొత్తం క్రిమినల్ రికార్డు తీసి ఇస్తామనే ప్రైవేటు సైట్ల జోలికి వెళ్లకండి, మారుమూల స్టేషన్ రిజిస్టర్లో ఉన్నది వాళ్ల దగ్గర ఉండదు.

లాయరు ఖర్చు గురించి భయపడుతున్నారేమో. కస్టడీలో ఉన్న మనిషికి, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవల కమిటీ ఎక్కడో అడగండి. మాకు ఈ సంగతి చెప్పినవాళ్లు లేక మొదటి వాయిదాకు అప్పు చేసి లాయరును పెట్టుకున్నాం.

స్టేషన్ ఏదో తెలిశాక ఇక్కడ రాయండి, ఏ కోర్టు కిందికి వస్తుందో చూసి చెబుతాను. మీ మరిది పేరు, క్రైం నెంబరు మాత్రం ఇక్కడ పెట్టకండి.