బ్రూవరీలో పర్యావరణ ఉద్యోగం: మా అమ్మాయిని చేర్చవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి కెమికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసింది. తరతరాలుగా పాత పద్ధతిలో బీరు తయారు చేస్తున్న ఒక చిన్న బ్రూవరీ ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. నీటి వాడకాన్ని, ఇంధనాన్ని, వ్యర్థాలను తగ్గించడం ఆమె పని. మేము మాత్రం ఏడాది సస్టైనబిలిటీ మేనేజ్‌మెంట్ కోర్సులో చేర్చాలనుకుంటున్నాం. రెండింటినీ పోల్చి చెప్పండి. అసలు బీరు ఫ్యాక్టరీలో పర్యావరణం కోసం చేయడానికి ఏముంటుంది? - ఒక తండ్రి

జవాబు: ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకసారి తోళ్ల పరిశ్రమ గురించి, ఒకసారి సిమెంటు గురించి అడిగారు, ఇప్పుడు బీరు గురించి అడుగుతున్నారు. ప్రతిసారీ పైకి అడిగేది ఏది మేలని, లోపల ఉండేది మాత్రం అమ్మాయి ఎక్కడ పనిచేస్తోందని నలుగురూ అడిగితే ఏం చెప్పుకోవాలన్న బెరుకు. ఆ బెరుకును నేను తేలిక చేయను. కానీ మీ ఉత్తరమంతా వెతికినా ఆ ఉద్యోగం గురించి మీ అమ్మాయి ఏమనుకుంటోందో చెప్పే వాక్యం ఒక్కటీ కనబడలేదు. మద్యం తయారీలో పాలుపంచుకోవడం ఆమెకే ఇష్టం లేకపోతే ఇక చర్చే అక్కర్లేదు, ఇదే పని పాల కర్మాగారాల్లోనూ పళ్లరసాల కర్మాగారాల్లోనూ దొరుకుతుంది. అభ్యంతరం మీ ఒక్కరిదే అయితే మాత్రం, దానికి ఆమె భవిష్యత్తు మీద బెంగ అని పేరు పెట్టడం న్యాయం కాదు.

చేయడానికి ఏముంటుందని అడిగారు కదా, నీటితో మొదలుపెడదాం. బీరులో 90 శాతానికి పైగా నీరే అయినా, లీటరు బీరు తయారు కావడానికి చాలా బ్రూవరీల్లో 4 నుంచి 7 లీటర్ల నీరు ఖర్చవుతుంది, శ్రద్ధగా నడిపే చోట అది 3 లీటర్ల దాకా దిగుతుంది. తేడా అంతా తొట్లు కడగడంలోనూ, చల్లబరచడంలోనూ, ఎవరూ కట్టేయకుండా నేల మీద పారుతూ ఉండే గొట్టంలోనూ ఉంటుంది. పాత బ్రూవరీలో తరచుగా నీటి మీటరు ఒక్కటే, అదీ గేటు దగ్గర ఉంటుంది. ఏ గదిలో ఎంత పోతోందో తెలియనప్పుడు తగ్గించడం ఎలా కుదురుతుంది? అందుకే ఆమె మొదటి నెలల పని మీటర్లు పెట్టించి, రోజూ అంకెలు రాసుకోవడమే కావచ్చు. తొట్టిని చివరిసారి కడిగిన నీరు దాదాపు శుభ్రంగానే ఉంటుంది, దానిని పట్టి ఉంచి తర్వాతి తొట్టిని మొదటిసారి కడగడానికి వాడుకోవచ్చునన్న ఆలోచన ఆ అంకెలు చూసినప్పుడే వస్తుంది.

వేడి సంగతి ఇంకా పెద్దది. మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) నుంచి తీసిన తియ్యటి ద్రవాన్ని, అంటే వోర్ట్‌ను, బీరుకు చేదునిచ్చే హాప్స్ పువ్వులు వేసి మరిగిస్తారు. పాత పద్ధతిలో అందులో 8 నుంచి 10 శాతం ఆవిరైపోతుంది. ఒక కిలో నీటిని సున్నా నుంచి 100 డిగ్రీల దాకా వేడి చేయడానికి పట్టే శక్తికి ఐదు రెట్లకు పైగా శక్తి అదే నీటిని ఆవిరి చేయడానికి పడుతుంది. ఆవిరిలో దాగి ఉండే ఆ వేడి (గుప్తోష్ణం) అంతా రాగి కాగు మీది పొగగొట్టంలోంచి ఆకాశంలోకి పోతూ ఉంటుంది. అక్కడ ఆవిరిని తిరిగి నీరుగా మార్చే కండెన్సర్ ఒకటి అమరిస్తే వేడినీరు చేతికి వస్తుంది. మరిగిన వోర్ట్‌ను వెడల్పాటి తొట్లలో గాలికి ఆరబెట్టే బదులు వేడిని పక్కన పారే చల్లటి నీటికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్ గుండా పంపితే, చల్లబరచడానికి లోపలికి వెళ్లిన నీరు 75, 80 డిగ్రీల వేడితో బయటికి వచ్చి మర్నాటి వంటకు పనికొస్తుంది.

తరువాత పిప్పి, అంటే వోర్ట్ తీశాక మిగిలే మాల్ట్ గింజలు. వంద లీటర్ల బీరుకు సుమారు 20 కిలోల తడి పిప్పి మిగులుతుంది, అందులో ముప్పాతిక వంతుకు పైగా నీరే. పొద్దున చేతిలోకి తీసుకుంటే వెచ్చగా, రొట్టె వాసనతో ఉంటుంది. ఎండ కాలంలో మర్నాటికల్లా పులిసిపోతుంది. మాంసకృత్తులు బాగా ఉన్నందువల్ల పశువుల దాణాకు మేలైనదే, కాని దాన్ని పులవక ముందే తీసుకువెళ్లే రైతును కుదుర్చుకోవడం కూడా ఇంజనీరు పనే. ఈస్ట్ మడ్డిని, మిగిలిన బీరును కాలువలోకి వదలకుండా చూడడం ఇంకా ముఖ్యం. నీటిలోని కాలుష్యాన్ని ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత సీఓడీ. బ్రూవరీ మురుగునీటిలో అది సాధారణంగా లీటరుకు 2,000 నుంచి 6,000 మిల్లీగ్రాములైతే, బీరుది లక్షకు పైమాటే. సీసాలను తిరిగి తెప్పించి కడిగి వాడడం, పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచడం కూడా ఉన్నాయి, అయితే చిన్న బ్రూవరీకి ఈ రెండోది అన్ని వేళలా గిట్టుబాటు కాదు.

అన్నిటికంటే కష్టమైనది పాత మేస్త్రీని ఒప్పించడం. మరిగించే సమయం తగ్గిస్తే రుచి మారుతుందని ఆయన అంటాడు, ఆ మాటలో నిజం ఉంది. మరుగు చాలకపోతే మాల్ట్ నుంచి వచ్చే డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధక పదార్థం పూర్తిగా పోక, బీరుకు ఉడికిన మొక్కజొన్న వాసన పడుతుంది. కాబట్టి రుచి జోలికి పోని పనులు, అంటే గొట్టాలకు వేడి పోకుండా తొడుగులు, ఆవిరి లీకులు, కడుగు నీరు, ముందు చేసి చూపించి, ఆయన నమ్మకం సంపాదించిన తరువాతే కాగు దగ్గరకు వెళ్లాలి. ఈ ఓర్పును ఏ తరగతి గదిలోనూ నేర్పలేరు.

ఇక మీరు కోరుకుంటున్న కోర్సు గురించి నాకున్న అనుమానం దాచను. నివేదికలు రాయడం, ఉద్గారాలను స్కోప్ 1, 2, 3గా (సంస్థ సొంతంగా వదిలేవి, కొన్న విద్యుత్తు వంటి శక్తివల్ల వచ్చేవి, సరఫరా గొలుసులోని మిగతావి) విభజించడం, పర్యావరణ నిర్వహణ ప్రమాణమైన ఐఎస్ఓ 14001 పత్రాలు సిద్ధం చేయడం అవసరమైన విద్యలే. కాని బాయిలర్ గదిలో అడుగు పెట్టకుండా ఆ కోర్సు పూర్తి చేసి నా దగ్గరకు వచ్చిన పిల్లలను చూశాను. ఇతరులు పంపిన అంకెలను పట్టికలో నింపగలరే తప్ప, ఆ అంకె తప్పని పట్టుకోలేకపోతున్నారు. ఆ మాట ఒప్పుకునేటప్పుడు వాళ్ల ముఖాల్లో కనబడే దిగులు నన్ను బాధపెడుతుంది. పేరు బాగుందని పిల్లలను అందులోకి తోసిన తల్లిదండ్రులు ఆ దిగులుకు బాధ్యులు కారా?

పోలిక అడిగారు కాబట్టి చెబుతున్నాను: కోర్సు రెండేళ్ల తరువాత కూడా చేయవచ్చు, అప్పుడు అది ఆమెకు ఎక్కువ ఉపయోగపడుతుంది. చేతితో కొలిచి నేర్చుకునే ఈ అవకాశం మాత్రం అప్పటిదాకా ఆగకపోవచ్చు.

బ్రూవరీలో చేరితే చదువుకు విలువ ఉండదన్న భయం వద్దు. ఆమ్ల, క్షార గుణాలను కొలిచే, ఆమె కాలేజీలో వాడిన పీహెచ్ కొలమానాన్ని 1909లో రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రతిపాదించింది కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఉండగానే. కొద్దిపాటి కొలతల సగటులను పోల్చే, గణాంకశాస్త్రంలోని టీ పరీక్షకు మూలమైన వ్యాసాన్ని 1908లో ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో ప్రచురించిన గాసెట్, గిన్నిస్ బ్రూవరీ ఉద్యోగి.

చేరే ముందు ఆమె రెండు విషయాలు అడగాలి. గత ఏడాది ఎంత నీరు వాడారు, ఎంత బీరు తయారు చేశారు అన్నది ఒకటి. ఆ లెక్క లేకపోతే, మీటర్లు పెట్టించడానికి తనకు అధికారమూ డబ్బూ ఇస్తారా అన్నది రెండోది. రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే ఆ ఉద్యోగం వదులుకోవడమే మంచిది. ఈ ప్రశ్నలు ఆమే అడగాలి, దయచేసి ఆమె తరఫున మీరు ఫోన్ చేయకండి.