మావాడు ఐస్ హాకీ ఆడతానంటున్నాడు!

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఇందిరా పార్కులో స్కేటింగ్ నేర్చుకున్నాడు. ఇప్పుడు ఫోన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల్లోని పెద్ద ఐస్ హాకీ లీగ్) మ్యాచ్‌లు చూసి, ప్రొఫెషనల్ ఐస్ హాకీ ప్లేయర్ అవుతానని పట్టుబడుతున్నాడు. మావారేమో హైదరాబాద్‌లో ఐసెక్కడిది, చదువుకోమను అంటున్నారు. ఇది అయ్యే పనేనా?
– ఓ తల్లి, చిక్కడపల్లి

జవాబు: సూటిగా చెప్తానమ్మా, ఎన్‌హెచ్‌ఎల్ దాకా వెళ్లడం దాదాపు కాని పని. కెనడాలో పిల్లలు నాలుగైదేళ్లకే ఐస్ మీదికి దిగుతారు, పదహారేళ్లకి చాలామంది ఇల్లు వదిలి, జూనియర్ టీమున్న ఊళ్లో వేరేవాళ్లింట్లో ఉంటూ, బస్సుల్లో తిరుగుతూ ఆడతారు. పద్దెనిమిదికి డ్రాఫ్ట్, అంటే ఎన్‌హెచ్‌ఎల్ టీములు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకోవడం. అంతా చేసి చూస్తే పైన ఉన్నవి 32 టీములే. అయినా ఆట మాత్రం మాన్పించకండి.

మీవాణ్ణి మానీ మల్హోత్రా గురించి చదవమనండి. తండ్రివైపు భారతీయ మూలాలున్న కెనడియన్, 1998 డ్రాఫ్ట్‌లో ఏడోవాడు. గోల్స్ కొట్టే స్టార్ కాలేదు. రిఫరీ ఇద్దరి మధ్య పక్ వదిలినప్పుడు దాన్ని లాగేసుకోవడం, తమవైపు ఓ మనిషి తక్కువైనప్పుడు గోల్ పడకుండా కాచుకోవడం, వీటితోనే నిలబడ్డాడు. 2011 మార్చిలో పక్ వచ్చి ఎడమ కంటికి తగిలింది. పక్ అంటే 170 గ్రాముల గట్టి రబ్బరు బిళ్ల, ఎగిరెగిరి పడకుండా ఆటకి ముందు ఫ్రీజర్లో పెడతారు. ఆపరేషన్లయ్యాయి, ఆ కంటి చూపు చాలావరకు పోయింది, అయినా జూన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్‌కి మొహమంతా కప్పే షీల్డుతో దిగాడు, అతని టీము ఊరు వాంకూవర్ జనం లేచి నిలబడ్డారు. రెండేళ్లు తిరక్కుండానే అదే టీము, ఆ చూపుతో ఆడటం ప్రమాదమని పక్కన పెట్టేసింది. అప్పుడు కింది లీగైన ఏహెచ్‌ఎల్‌కి దిగి, అక్కణ్ణుంచి మళ్లీ పైకొచ్చాడు. మొత్తం 991 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు! 2025లో కోచ్‌గా అబ్బట్స్‌ఫర్డ్ టీముకి ఏహెచ్‌ఎల్ కప్పు తెచ్చిపెట్టాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని, పంజాబీ మూలాలున్న కెనడియన్ అర్ష్‌దీప్ బైన్స్ కూడా ఆ టీములో ఉన్నాడు. ప్రొఫెషనల్ జీవితంలో ఎక్కువమందికి దక్కేది ఈ ఎక్కడం దిగడమే, మీవాడు చూస్తున్న వీడియోల్లో ఇది కనిపించదు.

మన దేశంలో ఐస్ హాకీ అంటే లద్దాఖే. గడ్డకట్టిన చెరువుల మీద నేర్చుకున్నవాళ్లే జాతీయ జట్లలో ఎక్కువ. ఆర్మీ, ఐటీబీపీ టీముల్లో ఉద్యోగంతోపాటు ఆట కూడా సాగుతుంది. 2025లో మన అమ్మాయిలు ఆసియా కప్ కాంస్యం గెలిచారు, నాకెంత సంతోషమేసిందో!

ఇక్కడైతే రోలర్ హాకీతో మొదలుపెట్టించండి. డెహ్రాడూన్‌లో పెద్ద ఐస్ రింక్ ఉంది, సెలవుల్లో తీసుకెళ్లి ఓసారి దింపి చూడండి. చక్రాల మీద వచ్చిన బ్యాలెన్స్ పనికొస్తుంది గానీ ఆగడం మాత్రం మళ్లీ మొదట్నుంచీ నేర్చుకోవాలి, రెండు బ్లేడ్లనీ అడ్డంగా తిప్పి, మంచు పొడి లేచేలా గీరుతూ ఆగాలి. స్టిక్కు తర్వాత, ముందు మొహానికి జాలీ ఉన్న హెల్మెట్ కొనండి.