అమెరికాకి కొత్తగా వచ్చినవారికి: షుగర్ అదుపులో ఉండాలంటే

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నన్నాళ్ళూ షుగర్ అదుపులో ఉన్నవారికి కూడా ఇక్కడికి వచ్చిన కొద్ది నెలలకే అంకెలు పెరగడం మామూలే. తప్పంతా అమెరికా తిండిదే అనుకుంటారు గానీ, చాలామంది ఇళ్ళల్లో ఉడికేది అదే సోనా మసూరి, అదే పప్పు, అదే చారు. మారేది నడక. కూరగాయల బండి దగ్గరకి, బస్సు స్టాపుకి, గుడికి, మేడ మీదకి తెలియకుండానే పడిన అడుగులన్నీ ఇక్కడ కారు ఎక్కగానే పోతాయి. దానికి తోడు చలికాలం, రాత్రిపూట ఇండియా టీమ్‌తో కాల్స్, పదింటికి భోజనం. "మందేసుకున్నావా? వాకింగ్‌కి వస్తున్నావా?" అని అడిగే మనిషి పక్కన ఉండరు. ఈ చివరి లోటు పూడితే మిగతావి సర్దుకోవడం సగం తేలిక. దాని గురించి కాస్త వివరంగానే చెప్తాం. ముందు వచ్చీరాగానే చెయ్యాల్సిన పనులు.

షుగర్ లేదని అనుకుంటున్నవారు ముందు పరీక్ష చేయించుకోండి. ఇక్కడ మామూలుగా బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత తగినదో చెప్పే అంకె) 25 దాటితే పరీక్ష చేయాలంటారు. ఆసియా మూలాలున్నవారికి మాత్రం 23 దగ్గరే మొదలుపెట్టాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెప్తోంది. మనం సన్నగా కనిపించినా పొట్టలో, కాలేయం చుట్టూ కొవ్వు చేరడం ఎక్కువ. ఐదడుగుల ఆరంగుళాల మనిషికి 23 అంటే దాదాపు 65 కిలోలు, ఇక్కడి లెక్కలో 142 పౌండ్లు. డాక్టర్ "నీ బరువు బాగానే ఉంది" అంటే, ఆసియన్లకి కొలత 23 కదా అని మర్యాదగా గుర్తుచేసి పరీక్ష అడగండి. పరగడుపున 100 నుంచి 125 వస్తే ప్రీడయాబెటిస్, అంటే డయాబెటిస్‌కి ముందు దశ, 126 నుంచి డయాబెటిస్. ఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) అయితే 5.7 నుంచి 6.4 ప్రీడయాబెటిస్, 6.5 నుంచి డయాబెటిస్. లక్షణాలేమీ లేకపోతే ఒక్క పరీక్షతో తేల్చరు, రెండోది కూడా చేస్తారు. కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా వెళ్ళినవారికి రక్తంలో షుగర్ అంకెలు మిల్లీమోల్స్‌లో ఇస్తారు. 18తో హెచ్చిస్తే మనకి తెలిసిన అంకె వస్తుంది.

బిల్లు దగ్గర చాలామంది తడబడతారు. ఏడాదికోసారి చేసే ఫిజికల్‌కి (మామూలు ఆరోగ్య పరీక్షకి) చాలా ఇన్సూరెన్స్ ప్లాన్లలో మన చేతి నుంచి ఏమీ పడదు. అయితే షుగర్ ఉన్నట్టు రికార్డులోకి ఎక్కాక అదే ఏ1సీ పరీక్షని డయాగ్నొస్టిక్ (జబ్బు కోసం చేసే పరీక్ష) కింద రాస్తారు, అది డిడక్టబుల్‌లోకి, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేలోపు మనం కట్టుకోవాల్సిన మొత్తంలోకి వెళ్తుంది. హెచ్‌ఎస్‌ఏ (వైద్యం ఖర్చులకి పన్ను లేకుండా డబ్బు దాచుకునే ఖాతా) ఉన్న ప్లాన్ అయితే, షుగర్ ఉన్నవారి ఇన్సులిన్, షుగర్ మాత్రలు, మీటర్, ఏ1సీ, కంటి పరీక్షలకి డిడక్టబుల్ కట్టకముందే డబ్బు ఇచ్చేలా 2019 నుంచి ప్లాన్లకి వెసులుబాటు ఉంది. ఇవ్వాలా వద్దా అన్నది ప్లాన్ ఇష్టం. అందుకే మీ హెచ్‌ఆర్‌ని సూటిగా ఈ మాటే అడగండి. రక్తం ఇచ్చే ల్యాబ్ కూడా మీ నెట్‌వర్క్‌లో, అంటే మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నవాటిలో ఉందో లేదో చూసుకోండి. డాక్టర్ నెట్‌వర్క్‌లో ఉంటే ల్యాబ్ కూడా ఉన్నట్టు కాదు.

మందుల విషయానికొస్తే, మన దగ్గర బాగా రాసే విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, గ్లిక్లజైడ్, వోగ్లిబోస్ అమెరికాలో దొరకవు. మన బ్రాండ్ పేర్లు ఇక్కడి డాక్టర్లకి తెలియవు. ఒక్క మాత్రలోనే రెండు మూడు మందులు కలిపి ఉంటే, ఏది ఎన్ని మిల్లీగ్రాములో జెనెరిక్ పేర్లతో (బ్రాండ్ కాదు, అసలు మందు పేర్లతో) డాక్టర్ చేత ఇంగ్లిషులో రాయించి తెచ్చుకోండి. సొంత వాడకానికి తెచ్చుకునే మందులు మూడు నెలలకి మించకుండా, అసలు ప్యాకింగ్‌లో, డాక్టర్ చీటీతో పాటు ఉండాలి. మూడు నెలలకి మందులున్నాయి కదా అని డాక్టర్ అపాయింట్‌మెంట్ వాయిదా వేయకండి. కొత్త పేషెంట్‌కి తేదీ దొరకడానికే వారాలు పడుతుంది. దిగిన వారంలోనే ఫోన్ చేయండి.

ఇన్సులిన్ వాడేవారు ఈ పేరా రెండుసార్లు చదవండి. ఇండియాలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లది. సిరంజి కూడా దానికి తగ్గదే, యు-40. అమెరికాలో సీసాలూ సిరంజిలూ యు-100, అంటే మిల్లీలీటరుకి 100 యూనిట్లు. అక్కడి సీసా తెచ్చుకుని ఇక్కడి సిరంజిలో 10 అని ఉన్న గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్ళేది 4 యూనిట్లే, షుగర్ ఎక్కిపోతుంది. ఇక్కడి సీసాలోంచి ఇండియా సిరంజితో 10 అని ఉన్న గీత దాకా తీస్తే మాత్రం 25 యూనిట్లు వెళ్తుంది, అది ప్రాణం మీదకి తెస్తుంది. మూత రంగు గుర్తుపెట్టుకోవడం కాదు, సీసా మీదా సిరంజి మీదా ఒకే అంకె ఉందా అని ప్రతిసారీ చూడాలి. పెన్నులు, కార్ట్రిడ్జ్‌లు రెండు దేశాల్లోనూ మామూలుగా యు-100 కాబట్టి, ప్రయాణానికి ముందే డాక్టర్‌నడిగి పెన్నుకి మారిపోవడం మేలు. విమానంలో ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి. చెకిన్ సామానులో గడ్డకట్టే ప్రమాదం ఉంది, ఒకసారి గడ్డకట్టింది కరిగినా పనికిరాదు. పడమటికి ప్రయాణమంటే రోజు పొడుగవుతుంది. ఆ రోజు డోసు ఎప్పుడు, ఎంత అన్నది బయల్దేరే ముందే రాయించుకోండి.

పురుడికో, మనవల్ని చూడ్డానికో వచ్చే అమ్మానాన్నలకీ అత్తమామలకీ కొనే విజిటర్ ఇన్సూరెన్స్‌లో "అక్యూట్ ఆన్‌సెట్" అని ఒక మాట ఉంటుంది. పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరి ఎమర్జెన్సీ అయితేనే డబ్బు ఇస్తామని దాని అర్థం. మామూలు చెకప్, మాత్రలు, ల్యాబ్ దాని కిందకి రావు. వయసు పరిమితి కూడా చూసుకోండి. మందు అయిపోతే దగ్గర్లోని కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్ళొచ్చు, ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు. చీటీ ఉంటే మెట్‌ఫార్మిన్ లాంటి జెనెరిక్‌లు పెద్ద స్టోర్ల ఫార్మసీల్లో ఇన్సూరెన్స్ లేకపోయినా కొద్ది డాలర్లకే వస్తాయి.

ఇక అన్నం. మానేయమని చెప్పం, మానలేరు కూడా. కొలవమంటాం. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, ఇక్కడి వంటింటి కప్పు 240. ఈ రెండూ కలిపేసుకోవడంతోనే లెక్క తప్పుతుంది. కుక్కర్ కప్పు అంచుకి సమంగా నింపితే బియ్యం దాదాపు 150 గ్రాములు, అందులో పిండిపదార్థం సుమారు 118 గ్రాములు. ఇద్దరు పంచుకున్నా ఒక్కొక్కరికి అన్నంలోంచే 60 వస్తుంది. డైటీషియన్లు మొదట్లో చాలామందికి పూట మొత్తానికి చెప్పేది 45 నుంచి 60 గ్రాములు. కాబట్టి వండిన అన్నం 240 కప్పుతో ముప్పావు వేసుకోండి, అది దాదాపు 33 గ్రాములు. అరకప్పు పప్పు, అరకప్పు పెరుగు కలిపితే 60 లోపు సరిపోతుంది.

మన భోజనంలో అసలు చిక్కు వాయిల్లో ఉంది. పప్పన్నం, కూరన్నం, చారన్నం, పెరుగన్నం. ప్రతి వాయికీ "ఇంకొంచెం" అన్నం పడుతుంది. నాలుగో వాయికి వచ్చేసరికి మొదట పెట్టుకున్నదానికి మూడింతలు తిని ఉంటారు. ముప్పావు కప్పు ఒక్కసారే పళ్ళెంలో పెట్టుకుని గిన్నె మళ్ళీ స్టవ్ దగ్గర పెట్టేయండి. ముందు కూరా, గుడ్డో చికెనో ఉంటే అదీ ఉత్తగా సగం తినండి. తర్వాతే అన్నం కలపండి. చారు గ్లాసులో తాగండి, పెరుగు చివర్లో విడిగా తినండి. కూరా, మాంసకృత్తులూ ముందు కడుపులో పడితే తిన్నాక షుగర్ అంత నిటారుగా పైకి లేవదు. కూరంటే బంగాళదుంప వేపుడు కాదు. బీరకాయ, దొండకాయ, బెండకాయ, గోంగూర, తోటకూర ఇండియన్ స్టోర్లో తాజాగా దొరక్కపోతే ఫ్రోజెన్‌వి తెచ్చుకోండి, ఏమీ తక్కువ కాదు.

కొర్రలు, జొన్నలు, బ్రౌన్ రైస్ మంచివే. వాటిలోనూ పిండిపదార్థం తెల్లబియ్యానికి దగ్గరదగ్గరగానే ఉంటుంది, పీచు ఎక్కువ కావడంతో నెమ్మదిగా ఎక్కుతుంది అంతే. "మిల్లెట్లే కదా" అని రెండింతలు తినేవారికి అంకె దిగదు. పొద్దున ఇడ్లీ మానేసి సీరియల్, ఆరెంజ్ జ్యూస్ మొదలుపెట్టడం ఇంకో పొరపాటు. ఒక్క కప్పు జ్యూస్‌లోనే దాదాపు 26 గ్రాములుంటుంది. దానికంటే రెండు పెసరట్లు, ఉప్మా లేకుండా, ఎంతో నయం. ప్యాకెట్ కొంటే ముందు సర్వింగ్ సైజు, తర్వాత టోటల్ కార్బొహైడ్రేట్ అంకె చూడండి. షుగర్ ఫ్రీ అన్న ముద్రని నమ్మి కొనకండి.

మీ ఒంటికి ఏది పడుతుందో తేల్చేది మీటరే. భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకి మరోసారి చూడండి. ఎక్కువమందికి ముందు 80 నుంచి 130, తర్వాత 180 లోపు ఉంటే బాగున్నట్టు. మూడు రోజులు ఒకే టిఫిన్ మీద చూసి, అప్పుడు ఒక్కటే మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. స్ట్రిప్పులు ఖరీదనిపిస్తే స్టోర్ బ్రాండ్ మీటర్ తీసుకోండి. 2024 నుంచి చీటీ లేకుండా దొరికే చర్మం మీది సెన్సర్లు కూడా ఉన్నాయి. ఇన్సులిన్ వాడనివారు రెండు వారాలు పెట్టుకుంటే పులిహోరకీ చపాతీకీ తేడా కళ్ళకి కడుతుంది.

ఇప్పుడు తోడు సంగతి. అమెరికాలో 2002లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, ప్రీడయాబెటిస్ ఉన్నవారు తిండి, నడక సర్దుకుని కాస్త బరువు తగ్గితే డయాబెటిస్‌గా మారే ముప్పు 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్‌తో తగ్గింది 31 శాతం. దాని ఆధారంగానే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ నడిపే నేషనల్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ వచ్చింది. ఏడాది పాటు గుంపుగా సాగుతుంది. మొదటి ఆరు నెలల్లో కనీసం 16 తరగతులు, తర్వాత నెలకొకటి. లక్ష్యం బరువులో 5 నుంచి 7 శాతం తగ్గడం, అంటే 75 కిలోల మనిషికి నాలుగైదు కిలోలు, వారానికి 150 నిమిషాల నడక. ఇందులోనూ ఆసియన్లకి బీఎంఐ 23 చాలు. చాలా వైఎంసీఏల్లో (ఊరూరా ఉండే వ్యాయామ, సేవా కేంద్రాల్లో) ఉంది, ఆన్‌లైన్‌లోనూ ఉంది, కొన్ని ఇన్సూరెన్సులు డబ్బు కడతాయి. నేర్పేవారు డాక్టరో నర్సో కానక్కర్లేదు, శిక్షణ తీసుకున్న ఎవరైనా చాలు. గుడి తరఫునో తెలుగు సంఘం తరఫునో సీడీసీ గుర్తింపుకి దరఖాస్తు చేసుకుని తెలుగులోనే నడపొచ్చు. మీ ఊళ్ళో లేకపోతే కమిటీవాళ్ళని అడగండి. ఏడాదికోసారి పెట్టే హెల్త్ క్యాంపు కంటే దీనివల్ల ఎంతో ఎక్కువ మేలు. ఇప్పటికే షుగర్ ఉన్నవారికి వేరే తరగతులున్నాయి, డాక్టర్ రెఫరల్ రాయాలి. 65 దాటి మెడికేర్ (పెద్దవారి ప్రభుత్వ ఇన్సూరెన్స్) ఉన్నవారికి మొదటి ఏడాది 10 గంటల దాకా వర్తిస్తుంది.

తరగతి దొరికేదాకా ఊరుకోనక్కర్లేదు. పది నిమిషాల దూరంలో ఉన్న నాలుగైదు కుటుంబాలు చాలు. రాత్రి భోజనమైన అరగంటకి పదిహేను నిమిషాలు కలిసి నడవండి. డిసెంబర్ వచ్చాక మాల్‌లోనో అపార్ట్‌మెంట్ కారిడార్లోనో నడవొచ్చు. టైము మార్చకండి. "వీలైతే కలుద్దాం" అనుకున్న గుంపు నెల తిరక్కుండానే చెదిరిపోతుంది. వాట్సాప్ గ్రూపులో నడిచినట్టు ఒక గుర్తు పెడితే చాలు. అంకెలు పెట్టాలా వద్దా అన్నది ఎవరిష్టం వారిది, ఎవరి ఏ1సీనీ ఎవరూ అడగకూడదు. మందులు ఇచ్చిపుచ్చుకోవడం, కాకరకాయ రసం తాగి మాత్ర ఆపేయమని సలహాలివ్వడం ఆ గ్రూపులో జరగనివ్వకండి.

పాట్‌లక్‌లకి, అంటే తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే విందులకి, ఒక్క కట్టుబాటు పెట్టుకోండి. ప్రతిసారీ రెండు కుటుంబాలు కూరో సలాడో గుగ్గిళ్ళో తేవాలి, అవి టేబుల్ మీద మొదట ఉండాలి, బిర్యానీ చివర. తీపి ఒక్కటే. అన్నిటికంటే ముఖ్యం, కొసరి వడ్డించడం మానాలి. మన ప్రేమ అంతా అందులోనే ఉందని తెలుసు. వద్దన్నవారిని మొహమాటపెట్టి పెట్టిన రెండో లడ్డూ వారి మీటర్‌లో కనిపిస్తుంది.

ఉపవాసాలుండేవారు జాగ్రత్త. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వేసుకుని ఏకాదశికో శివరాత్రికో తినకుండా ఉంటే షుగర్ పడిపోతుంది. డోసు ఎలా మార్చుకోవాలో డాక్టర్‌ని ముందే అడగాలి. చెమట, వణుకు, గుండెదడ, తికమక వచ్చి మీటర్ 70 లోపు చూపిస్తే వెంటనే 15 గ్రాముల చక్కెర అందాలి. అరకప్పు జ్యూస్, లేదా టేబుల్ స్పూన్ పంచదార నీళ్ళలో. పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూసి, పెరగకపోతే మళ్ళీ ఇవ్వండి. లడ్డూ, చాక్లెట్ పనికిరావు, వాటిలోని కొవ్వు చక్కెరని ఆలస్యం చేస్తుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 911కి ఫోన్ చేయండి. నడక గుంపులో ప్రతి ఒక్కరికీ ఇది తెలిసి ఉండాలి.

గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవారు కాన్పు తర్వాత 4 నుంచి 12 వారాల మధ్య గ్లూకోజ్ తాగి చేసే పరీక్ష చేయించుకోవాలి. బాలింత, పసిబిడ్డ, ఇంటినిండా చుట్టాల హడావుడిలో ఇది మరుగున పడిపోతుంది. ప్రసవం తేదీ తెలిసిన రోజే ఫోన్‌లో గుర్తు పెట్టేయండి. ఆ పరీక్ష మామూలుగా వచ్చినా ఒకటి నుంచి మూడేళ్ళకోసారి, జీవితాంతం చూపించుకోవాలి.

శాకాహారులు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతుంటే బి12 పరీక్ష అడిగి చేయించుకోండి. ఆ లోపంతో వచ్చే పాదాల తిమ్మిరిని షుగర్ తిమ్మిరే అనుకుని వదిలేస్తుంటారు. కళ్ళు, మూత్రంలో ఆల్బుమిన్, పాదాలు ఏడాదికోసారి చూపించుకోవాలి. స్పర్శ తగ్గిన పాదాలకి చలికాలంలో హీటరు, వేడినీళ్ళ సంచి తగిలించకండి, కాలినా తెలియదు. ఎండాకాలం గుడి బయట కాంక్రీటు మీద ప్రదక్షిణలకి మేజోళ్ళు వేసుకుని వెళ్ళండి. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు ఒకసారి అద్దంలో చూసుకోండి, వంగలేని పెద్దవారికి ఇంట్లోవాళ్ళు చూడాలి.