లేక్ వన్‌కి బయల్దేరే ముందు

చిన్నోడా,

మే నెలాఖరులో నువ్వూ కోడలూ తెడ్ల పడవలో తిరగడానికి మిన్నెసోటాలోని బౌండరీ వాటర్స్‌కి, ఆ చెరువుల అడవికి, వెళ్తున్నారని మీ పిన్ని చెప్పింది. చాలా సంతోషం రా. పర్మిట్ నీ పేరు మీదే ఉంది కాబట్టి దాన్ని తీసుకోవడానికి నువ్వే వెళ్లాలి, ఐడీ మర్చిపోకు. దాని మీద రాసున్న తేదీనే, లేక్ వన్ అనే చెరువు దగ్గరే లోపలికి దిగాలి.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది నీళ్ల గురించి. అక్కడ మంచు కరిగేదే ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో. నువ్వెళ్లేసరికి ఎండ బాగానే ఉంటుంది, నీళ్లు మాత్రం కొరికేస్తాయి. మీ నాన్నా నేనూ గోదావరిలో ఈత నేర్చుకున్నవాళ్లమే, కానీ ఆ ఈత ఇక్కడ పనికిరాదు. పడగానే ఊపిరి ఎగబీలుస్తుంది, కొద్ది నిమిషాల్లోనే వేళ్లు మాట వినవు. అందుకే లైఫ్ జాకెట్ పడవలో పెట్టుకోవడం కాదు, ఒంటి మీద బిగించి ఉండాలి. కోడలికీ ఇదే మాట.

గాలి మధ్యాహ్నానికి లేస్తుంది. తెల్లవారుజామునే బయల్దేరి, రెండింటికల్లా ఒడ్డు చేరి టెంట్ వేసేయండి. పొద్దెక్కాక మంచి సైట్లు కూడా మిగలవు. ఇనుప పొయ్యి ఉన్న సైట్లలోనే దిగాలి, వెనక అడవిలోకి నడిస్తే లెట్రిన్ ఉంటుంది. అలలకి తెల్ల నురగ కనిపించిందంటే దాటొద్దు. ఆ పూటకి అక్కడే కూర్చోండి. తప్పక వెళ్లాల్సివస్తే ఒడ్డు వెంబడే, మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేయండి.

లేక్ వన్‌లో దారి తప్పడం చాలా తేలిక. అన్నీ దీవులూ మూలలూ, ఎటు చూసినా ఒకేలా ఉంటాయి. మొదటిసారి నేను మ్యాప్ బ్యాగులో పెట్టేసి, ఇదే దారి అనుకుని ఒక మూలలోకి పోయాను. గంటన్నర తిరిగినా బయటపడలేదు, మీ పిన్ని ఏడుపొక్కటే తక్కువ. అప్పట్నుంచీ మ్యాప్‌ని ప్లాస్టిక్ కవర్లో మోకాళ్ల ముందు పెట్టుకుని, బొటనవేలు మేమున్న చోట ఆనిస్తాను. దీవి దాటినప్పుడల్లా వేలు జరుపుతాను. ఫోన్‌ని నమ్ముకోవద్దు, సిగ్నల్ ఉండదు.

అక్కణ్ణుంచి తర్వాతి చెరువు లేక్ టూకి వెళ్లాలంటే రెండు చోట్ల పడవ మోయాలి, 30 రాడ్లొకటి, 40 రాడ్లొకటి. రాడ్ అంటే అయిదున్నర గజాలు. ముందు బ్యాగులు చేరవేసి, తర్వాత పడవకి రండి. పడవని రాళ్ల మీదికి ఈడ్వొద్దు, చీలమండల లోతు నీళ్లలోనే దిగి సామాను తీయండి. బూట్లు తడుస్తాయి, తడవనీ.

నా మాట వింటే లేక్ టూలోనే ఆగిపోండి. 2011లో పగామీ క్రీక్ దగ్గర పిడుగు పడి రేగిన మంట 90 వేల ఎకరాలకి పైగా కాల్చేసింది. లేక్ త్రీ, ఫోర్ వైపు చాలాచోట్ల ఇప్పుడున్నవి ఆ తర్వాత మొలిచిన చెట్లే. ఎక్కడున్నా సరే, టెంట్ వేసేముందు తలెత్తి చూడు, ఎండిన కొమ్మో మానో పైన వేలాడుతుంటే చోటు మార్చు.

తిండికి రేకు డబ్బాలూ గాజు సీసాలూ తీసుకెళ్లనివ్వరు. రవ్వని ఇంట్లోనే వేయించి, పోపూ ఉప్పూ కలిపి, పూటకొకటి చొప్పున జిప్ కవర్లలో కట్టు. మరిగే నీళ్లలో పోస్తే అయిదు నిమిషాల్లో ఉప్మా. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకో. కానీ రాత్రికి టూత్‌పేస్టుతో సహా వాసన వచ్చేవన్నీ ఎలుగుబంటి తెరవలేని డబ్బాలో మూసి, టెంట్‌కి దూరంగా పెట్టాలి. గిన్నెలు చెరువులో కడగొద్దు, నీళ్లు ముంచుకుని ఒడ్డుకి దూరంగా అడవిలోకి పోయి కడగండి.

సోమవారం సెలవే కదా, మంగళవారం కూడా పెట్టుకో. గాలి ఆగకపోతే ఆఫీసు గుర్తొచ్చి తొందరపడకుండా ఉంటావు. ఏ చెరువులో ఉంటారో, ఎప్పుడు తిరిగొస్తారో కాగితం మీద రాసి నాకిచ్చి వెళ్లు. తెడ్లు మా గరాజ్‌లో ఉన్నాయి, శనివారం వచ్చి తీసుకెళ్లు. ఇద్దరే అని రెండే పట్టుకుపోకు, మూడు తీసుకో.

బాబాయి